మా అత్తగారికి వినిపించని మోత

నన్నడిగితే, ప్రతి ఇంటికీ పొద్దున్నే పాలప్యాకెట్‌తో పాటు ఒక అధికారిక వివరణ కూడా గుమ్మంలో వేయాలి. పాలు లేకపోతే డికాక్షన్ తాగి బతకొచ్చు. వివరణ లేకుండా మనిషన్నవాడు ఎలా బతుకుతాడండీ?

నవ్వకండి. చాలా సీరియస్‌గా చెబుతున్నాను.

అసలు నేను సైన్సు వార్తలంటే చెవి కోసుకునే మనిషిని. పేపరు రాగానే అందరూ సినిమా పేజీ తీస్తే, నేను లోపలెక్కడో మూలనుండే ప్రపంచ వింతలు వెతుక్కుంటాను. సముద్రం అడుగున తిన్నటి గీతలు కనిపించాయని ఒకరోజు చదివాను. కంగారు పడనక్కర్లేదు, పీతలు గీసినవే అన్నారు. ఏ పీతండీ అంత తిన్నగా గీసింది? మా చిన్నప్పటి డ్రాయింగు మాస్టారే స్కేలు లేకుండా గీయలేకపోయేవారు! మరో చోట రాత్రంతా ఆకాశం గులాబీరంగులో వెలిగిందట. ఎవరో టమాటా తోటకి లైట్లు పెట్టారు, అంతే అన్నారు. ఇంకోరోజు భూమి తిరిగే వేగంలో సెకనులో వెయ్యోవంతు తేడా వచ్చిందన్నారు. అది కొలిచినవాడి గడియారం ఎక్కడుంది? భూమ్మీదే కదా! తిరిగే బండిలో కూర్చుని బండి వేగం తగ్గిందని వీడికెలా తెలిసింది?

ఇదిగో, ఇలా ఉండేది నా బుర్ర. దీన్నే అనుమానపు జబ్బు అంటారు. "ప్రజలు భయపడనక్కర్లేదు" అనే మాట చదివేదాకా నాకు ఏ భయమూ ఉండేది కాదు. చదివాక గుండె దడ మొదలయ్యేది.

ఇప్పుడా జబ్బు పూర్తిగా నయమైపోయింది. వివరణ అనేది ఎంత గొప్ప మందో నాకు ముందు మా ఆఫీసు లిఫ్టు నేర్పింది. అది ఆగిపోయిన మొదటిరోజు మెట్లెక్కి వెళితే ఆయాసంతో కుర్చీలో పడిపోయాను. మర్నాడు దాని తలుపు మీద "సాంకేతిక కారణాల వల్ల" అని కాగితం అంటించారు. అంతే! అవే మెట్లు, అవే మోకాళ్లు. చకచకా ఎక్కేశాను. కారణమేంటో ఆ కాగితం చెప్పలేదు. కానీ కారణాలున్నాయని చెప్పింది కదా! మనిషికి అంతకన్నా ఏం కావాలి?

ఇక మిగిలిన జబ్బుని గగన వ్యవహారాల శాఖవారు కుదిర్చారు. వారిని తలుచుకుని రోజూ దణ్ణం పెట్టుకుంటున్నాను. ఎందుకో తెలియాలంటే ముందు మా ఇంటి సంగతి చెప్పాలి.

మేముండేది మామగారు కట్టించిన మేడ మీద. కింద గదిలో ఆయన పెట్టిన టాక్సీ ఆఫీసు. ఆయన పోయినప్పటి నుంచి దాన్ని అత్తగారే నడుపుతున్నారు. నడపడమంటే స్టీరింగ్ పట్టుకుని కాదు, ఫోను పట్టుకుని. వీధివైపు పెద్ద అద్దాల కిటికీ, దాని పక్కన బల్ల, బల్లమీద నల్లటి పాత ఫోను, ముందు ఒక చేతుల కుర్చీ. పొద్దున స్నానం చేసి ఆ కుర్చీలో కూర్చున్నారంటే మళ్లీ దీపాలు పెట్టే వేళకే లేస్తారు. "చెప్పండి నాన్నా, ఎక్కడికెళ్లాలి?" అంటారు ఫోనెత్తగానే. అవతలి మనిషి అడ్రసు చెప్పడానికి తడబడుతుంటే, వెనక వినిపించే చప్పుడు బట్టి "పిండిమర పక్కనే కదా ఉన్నారు, అక్కడే ఉండండి, బండి వస్తుంది" అంటారు. ఊళ్లో సగంమందికి ఆవిడ మొహం తెలీదు. గొంతు మాత్రం సొంత పిన్ని గొంతంత తెలుసు.

ఆ కుర్చీ మీద మా బావమరిదికి కన్నుంది. తను కూర్చోవడానికి కాదు. అందులో ఒక మెషీన్ని కూర్చోబెట్టడానికి! ఫోను రాగానే "మీ కాల్ మాకు ఎంతో ముఖ్యం" అని దానంతటదే మాట్లాడే పెట్టె ఒకటి కొని, దాంట్లో తన గొంతే రికార్డు చేసి, అటకమీద దాచాడు. రేడియోలో వార్తలు చదివేవాడిలా బిగదీసి మాట్లాడాడు పాపం. "అమ్మ ఎన్నాళ్లని కష్టపడుతుంది బావా?" అంటాడు నాతో. వాడికి కావలసిందల్లా అమ్మని కుర్చీలోంచి లేపడానికి మర్యాదైన సాకు ఒకటి. అది దొరక్క మనిషి చిక్కిపోయాడు.

అలా ఉండగా ఒక మంగళవారం పొద్దున మా ఆవిడ పేపర్లోంచి పైకి చదివింది.

"నిన్న సాయంత్రం నాలుగున్నరకు నగరమంతటా వినిపించిన భారీ శబ్దం సహజమైన వాతావరణ ప్రక్రియ మాత్రమేనని గగన వ్యవహారాల శాఖ తెలిపింది. ప్రజలు భయపడనక్కర్లేదు."

మేమంతా ఒకళ్ల మొహాలు ఒకళ్లం చూసుకున్నాం. భారీ శబ్దమా? ఎప్పుడు?

నేను బాగా గుర్తు తెచ్చుకున్నాను. సోమవారం నాలుగున్నరకి ఆఫీసులో ఉన్నాను. ఆ సమయంలో నాకు వినిపించిన భారీ శబ్దం మా మేనేజరు ముక్కు చీదడం ఒక్కటే. అది సహజమైన ప్రక్రియేగానీ నగరమంతటా వినిపించే స్థాయిది కాదు.

కానీ పేపర్లో వచ్చింది కదా! అదీ చిన్న అక్షరాల్లో వచ్చింది. అబద్ధమైతే ఎవరైనా అంత చిన్న అక్షరాల్లో వేస్తారా?

ముందుగా మా ఆవిడకే గుర్తొచ్చింది. "అవునండీ! నిన్న గిన్నెలు సర్దుతుంటే ఢామ్మని ఏదో అంది. మీరే వచ్చి తలుపేశారనుకున్నా."

"నేను ఆఫీసులో ఉన్నా కదే."

"అదే నేననేది. మీరు కాదు, ఆకాశం!"

బావమరిది చెంగున లేచాడు. "నేను బానెట్ ఎత్తి ఇంజను చూస్తున్నా బావా. ఉన్నట్టుండి బానెట్ వచ్చి నెత్తిన పడింది. ఎందుకు పడిందా అని రాత్రంతా ఆలోచించా. ఇదన్నమాట సంగతి!" అంటూ తలమీద బొప్పి చూపించాడు. ఆ బొప్పి పోయిన వారం నుంచి అక్కడే ఉందని నాకు తెలుసు. అయినా శాఖవారి మాటకి సాక్ష్యం చెబుతున్న బొప్పిని నేనెందుకు కాదనాలి?

వీధిలోకి వెళితే ఇంకా బాగుంది. సెలూన్ ఆయన ఒక పెద్దమనిషికి మీసం ఒకవైపు ఎక్కువ కత్తిరించేశాడట. మోత వల్ల! టైలరమ్మ ఒక జాకెట్టుకి రెండు చేతులూ ఒకేవైపు కుట్టిందట. మోత వల్లే! బట్టలు మాడ్చిన ఇస్త్రీ ఆయనకీ అదే కారణం దొరికింది. చూశారా వివరణ మహిమ? శాఖవారు ఒక్క వివరణ ఇస్తే వీధి మొత్తం తన తప్పులు అందులో కడుక్కుంది.

మా పైవాటాలో రిటైరైన జాగ్రఫీ మాస్టారొకరున్నారు. అందరూ గ్లోబు మాస్టారంటారు. ఆయన మెట్లు దిగి వచ్చి గొంతు సవరించుకుని, "శబ్దం ఒకటి కాదు, రెండు. మొదటిది ధ్వని, రెండోది ప్రతిధ్వని. మామూలు చెవులకి అందదు. వినే జ్ఞానం ఉండాలి" అన్నారు.

జ్ఞానం లేనివాడిననిపించుకోవడం ఎవరికిష్టం? సాయంత్రానికల్లా నేను కూడా విన్నాను. రెండూ విన్నాను. నాది ఆగ్నేయం వైపు నుంచి వచ్చింది.

వీధి మొత్తంలో విననిది ఒక్కరే. మా అత్తగారు.

"నిన్న నాలుగున్నరకి నేనీ కుర్చీలోనే ఉన్నాను. ఏ మోతా రాలేదు" అన్నారావిడ.

"అమ్మా, పేపర్లో వేశారు!" అన్నాడు బావమరిది.

"వేస్తే వేశార్రా. నాకు వినిపించలేదు."

"ఊరంతా విన్నారే! అక్క వింది, బావ విన్నాడు, మాస్టారు రెండుసార్లు విన్నారు!"

"విన్నవాళ్లు విన్నామని చెప్పుకోండి. నేను విననిదాన్ని విన్నానని ఎలా చెప్పనురా?"

అప్పుడు చూడాలి బావమరిది మొహం. సెలవు మంజూరైన గుమాస్తా మొహంలా వెలిగిపోయింది. వెతుకుతున్న సాకు కాలికి తగిలింది కదా! "అయ్యో అమ్మా, నీకు చెవులు పోయాయే!" అని అప్పటికప్పుడు గొంతు పెంచి, తెల్లారగానే చెవుల డాక్టరు దగ్గరకి బయల్దేరదీశాడు. నేనూ తోడు వెళ్లాను.

డాక్టరు ఆవిడ తలకి హెడ్‌ఫోన్లు తగిలించి, చప్పుడు వినిపించినప్పుడల్లా వేలెత్తమన్నాడు. అత్తగారు ఎత్తిన వేలు దించలేదు. పెట్టెలో చప్పుళ్లన్నీ విన్నారు. అవయ్యాక, "పక్కగదిలో మీ నర్సమ్మ బిస్కెట్ ప్యాకెట్ విప్పుతోంది. మీ వాచీ ఆగి ఆగి నడుస్తోంది నాన్నా, చూపించుకోండి" అని కూడా చెప్పారు. డాక్టరు వాచీ చూసుకున్నాడు. నిజంగానే వెనకబడింది.

"చెవులు బ్రహ్మాండంగా ఉన్నాయి" అన్నాడాయన.

బావమరిది జేబులోంచి పేపరు తీసి బల్లమీద పరిచాడు. డాక్టరు చదివాడు. మళ్లీ చదివాడు. ఆయన మొహం మారిపోయింది.

"ఇది వినిపించలేదా? ఇది నేను కూడా విన్నానే! నా చేతిలో టార్చిలైటు కిందపడింది." కళ్లజోడు తీసి తుడుచుకుని, "అంటే చిన్న చప్పుళ్లు వినిపిస్తున్నాయి, పెద్దవి వినిపించట్లేదన్నమాట. చాలా అరుదైన జబ్బు. పుస్తకాల్లో కూడా ఉండదు" అన్నాడు. చెవుల్లో వేయడానికి చుక్కల మందు రాసి, పూర్తి విశ్రాంతి అన్నాడు. ఫోను దగ్గర అస్సలు కూర్చోబెట్టవద్దన్నాడు.

వైద్యశాస్త్రం కూడా అధికారిక వివరణ ముందు ఎలా తల వంచుతుందో చూశారా! పరికరం ఒకటి చెప్పింది, పేపరు ఒకటి చెప్పింది. వివేకవంతుడు కాబట్టి ఆయన పేపర్ని నమ్మాడు.

ఇంటికొచ్చీ రాగానే మెషీన్ అటక దిగింది. అత్తగారు కుర్చీ దిగారు.

మెషీన్ ఎంత గొప్పగా పనిచేసిందో చెప్పనా? "టాక్సీ కావాలంటే ఒకటి నొక్కండి, టాక్సీ వద్దంటే రెండు నొక్కండి" అనేది బావమరిది గొంతు. టాక్సీ వద్దనేవాడు ఫోను ఎందుకు చేస్తాడని నేనడగలేదు. జబ్బు నయమవుతున్నవాణ్ని కదా! మర్నాడే మా డ్రైవరొకాయన టైరు పంక్చరై దారిలో నిలబడి ఆఫీసుకి ఫోను చేశాడు. మెషీన్ అడిగిందల్లా నొక్కేసరికి ఆయన పేరుమీదే టాక్సీ బుక్కయింది. ఆయన్ని ఎక్కించుకోవడానికి పంపించిన బండి నంబరు చూస్తే ఆయన బండే. పాపం, చాలాసేపు తనకోసం తనే ఎదురుచూశాడు.

అత్తగారు వంటింటి గుమ్మంలో పీట వేసుకుని వెల్లుల్లి వలుస్తూ కూర్చునేవారు. ఇంటికి ఏడాదికి సరిపడా వలిచేశారు. కింద ఫోను మోగినప్పుడల్లా ఆవిడ కుడిచేయి దానంతటదే లేచేది. కాసేపు గాల్లో ఆగేది. మెల్లగా మళ్లీ వెల్లుల్లి మీదకి దిగేది. అది చూస్తే నా పాత అనుమానం కాస్త కదిలేది. వెంటనే వెళ్లి మంగళవారం పేపరు ఇంకోసారి చదువుకునేవాణ్ని. సర్దుకునేది.

శుక్రవారం వచ్చింది. ఆ సాయంత్రం మెషీన్ మూగబోయిందని బావమరిది దాన్ని బల్లమీద విప్పి కూర్చున్నాడు. సలహాలివ్వడానికి నేను, టీ ఇవ్వడానికి మా ఆవిడ, ఊరికే తన కుర్చీని చూసుకోవడానికి అత్తగారు, అందరం కింద గదిలోనే ఉన్నాం.

అప్పుడు వచ్చిందండీ మోత!

మోతంటే మోత కాదు. పైనెవరో ఆకాశాన్ని పాత దుప్పటిని చించినట్టు ఈ చివర్నుంచి ఆ చివరిదాకా పర్రున చించి, ఆ పైన ఇనప బీరువా ఒకటి కిందకి తోసినట్టు వచ్చింది. నేల అదిరింది. వీధిలో కాకులన్నీ ఒక్కసారిగా లేచాయి. బయట నిలిపిన కార్లన్నీ కుయ్యో మొర్రోమని అరిచాయి. బావమరిది చేతిలో టీ చొక్కామీద పడింది. వీధికిటికీ పెద్ద అద్దం పైమూల నుంచి కిందమూల దాకా ఫెటీల్మని పగిలింది. పొద్దుట్నుంచి ఉలుకూ పలుకూ లేని మెషీన్, "మీ కాల్ మాకు ఎంతో ముఖ్యం" అని తనంతట తనే మొదలుపెట్టింది.

అత్తగారు లేచి నిలబడ్డారు. "ఇదిగో! ఇప్పుడొచ్చింది! ఇదీ మోతంటే!" అన్నారు. ఆవిడ మొహంలో ఎంత సంతోషమో! నాలుగురోజులుగా జబ్బుమనిషిగా ఉన్నావిడ ఒక్క క్షణంలో ఆరోగ్యవంతురాలైపోయింది.

మేమెవరం విన్నామనలేదు.

ఎందుకంటారేమిటి? ఆ పొద్దుటి పేపరంతా చదివాను, దీని గురించి ఒక్క ముక్క లేదు! ఊరికి కేటాయించిన మోత సోమవారమే వినేశాం కదా. ఇదెక్కడిది? ఎవరిది? ఎవరి అనుమతితో వచ్చింది? వివరణ లేని మోతని వినడం ఎంత ప్రమాదమో కాస్త ఆలోచించండి. విన్నానన్నవాణ్ని "అదేమిటి?" అని నలుగురూ అడుగుతారు. వాడేం చెబుతాడు? తెలీదంటాడా? పరువుగలవాడు ఎక్కడైనా తెలీదంటాడా?

"ఏ మోతమ్మా?" అన్నాడు బావమరిది, చొక్కా మీంచి టీ దులుపుకుంటూ.

అత్తగారు వాడివైపు విచిత్రంగా చూశారు. "ఆ టీ ఎలా పడిందిరా?"

"చెయ్యి జారింది."

"కాకులెందుకు లేచాయి?"

"కాకులన్నాక లేవవా?"

"మరి ఆ అద్దం?"

వాడు అద్దంవైపు చూడకుండానే, "అది పాతదేనమ్మా" అన్నాడు.

ఆవిడ కూతురివైపు తిరిగారు. "నువ్వు చెప్పవే." మా ఆవిడ "పొయ్యిమీద పాలున్నాయమ్మా" అంటూ మేడమీదకి పరిగెత్తింది. పొయ్యిమీద పాలు లేవు. వాటితోనే మేము టీ తాగుతున్నాం.

ఇంతలో గ్లోబు మాస్టారు మెట్లు దిగి వచ్చారు. జుట్టునిండా, భుజాలనిండా తెల్లగా పైకప్పు సున్నం. "మాస్టారూ, మీరు విన్నారు కదా?" అని ఆశగా అడిగారు అత్తగారు.

"నేనా? నేను నిద్రపోతున్నానమ్మా" అన్నారాయన, సున్నంలోంచి తుమ్ముతూ.

ఇక మిగిలింది నేను. ఆవిడ నా దగ్గరకొచ్చి, చాలా నెమ్మదిగా, "అల్లుడుగారూ, మీరు చదువుకున్నవారు. ప్రపంచంలో ఎక్కడేం జరిగినా మీకు తెలుస్తుంది. మీరు చెప్పండి, ఇప్పుడు మోత వచ్చిందా, లేదా?" అన్నారు.

నా చెవుల్లో ఇంకా గుయ్యిమంటోంది. నేనేం చేశానంటే, పేపరు తీసి పేజీలు తిరగేశాను. "ఇవాళ్టి దాంట్లో ఏమీ లేదండీ అత్తయ్యగారూ. రేపటి దాంట్లో చూద్దాం" అన్నాను.

బావమరిది డాక్టరుకి ఫోను చేశాడు. ఆయన అంతా విని, "మొన్న ఉన్నది వినిపించలేదు, ఇవాళ లేనిది వినిపించింది. అంటే మందు కాస్త ఎక్కువ పనిచేసింది. చుక్కలు సగానికి తగ్గించండి" అన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు అవతల ఎవరో గాజుపెంకులు ఊడుస్తున్న చప్పుడు నాకు కూడా వినిపించింది. నేను పట్టించుకోలేదు.

మర్నాడు పేపరు కోసం వీధి వీధంతా గుమ్మాల్లో నిలబడి ఎదురుచూసింది. ఎవరూ ఎందుకో చెప్పలేదు. శాఖవారు మాకు అన్యాయం చేయలేదు. లోపలి పేజీలో, మూలన, అదే చిన్న అక్షరాల్లో వేయించారు.

"సోమవారం వినిపించిన సహజ వాతావరణ ప్రక్రియ, మబ్బుల కారణంగా వాయిదా పడినందున, వినిపించలేదని గగన వ్యవహారాల శాఖ స్పష్టం చేసింది. ముందుగా తయారుచేసి ఉంచిన వివరణ పొరపాటున సకాలంలో విడుదలైందని పేర్కొంది. వారం మొత్తంలో ఏ శబ్దమూ నమోదు కాలేదు. ప్రజలు భయపడనక్కర్లేదు."

ఎంత గొప్ప శాఖండీ! సామాన్యులు జరిగినదానికి వివరణ ఇవ్వడానికే నీళ్లు నములుతారు. వీరు జరగబోయేదానికి వివరణ రాసి బీరువాలో పెట్టుకున్నారు! అంతేనా? ప్రకృతినే వాయిదా వేశారు! రేపోమాపో పిడుగుని కూడా "ఇవాళ సార్ లేరు, సోమవారం రా" అని పంపించేస్తారు. సహజంగా వచ్చే మోత మబ్బులు పోయేదాకా ఎందుకు ఆగుతుంది, ఎవరు ఆపుతారు, పైన వీళ్లు ఏం చేస్తున్నారు అని నా పాత జబ్బు కాస్త తల ఎత్తబోయింది. చల్లటి నీళ్లు తాగి పడుకోబెట్టాను.

వీధి ఎంత క్రమశిక్షణ గలదో ఆ పూటే తెలిసింది. అందరూ సోమవారం విన్నదాన్ని తిరిగి ఇచ్చేశారు. టైలరమ్మ ఒకేవైపు చేతుల జాకెట్టుకి ఇప్పుడు కొలతలిచ్చినావిడ కారణమైంది. సెలూన్ ఆయన మీసంవాడే తల కదిపాడన్నాడు. మా ఆవిడకి అది తలుపేనని గట్టిగా గుర్తొచ్చింది. బావమరిది బొప్పి పోయిన వారానికి వెళ్లిపోయింది. గ్లోబు మాస్టారు మాత్రం పూర్తిగా ఒప్పుకోలేదు. "ధ్వని లేదు, నిజమే. ప్రతిధ్వని ఉంది" అన్నారు.

అంటే తేలిందేమిటి? సోమవారం విషయంలో ఊళ్లో సరైన చెవులు అత్తగారివే! ఆవిడ వెల్లుల్లి పళ్లెం పక్కన పెట్టి, చేతులు కడుక్కుని, కిందకి దిగి, కుర్చీ పక్కన నిలబడ్డారు.

బావమరిది నేలచూపులు చూశాడు. వాడికీ మెషీన్‌తో విసుగొచ్చేసింది. జనం ఫోను మానేసి కిటికీ దగ్గరకొచ్చి "అమ్మగారెక్కడ?" అని అడగడం మొదలుపెట్టారు. అయినా కొడుకు కదా, బెట్టు ఉంటుంది.

"సరేనమ్మా, కుర్చీ నీదే. కాదన్లేదు. కానీ నిన్న ఏదో మోతన్నావు చూడు, అదొక్కటి మానుకో. లేని చప్పుళ్లు వినేవాళ్లు ఫోనెత్తుతున్నారంటే మన బండి ఎవరెక్కుతారు చెప్పు? అలాంటిదేమీ విన్లేదని ఒక్క మాట అను. ఈ పెట్టె ఇప్పుడే పీకేస్తా."

అత్తగారు నావైపు చూశారు. నేను కిటికీవైపు చూశాను. అద్దం మీద పగులు ఎండకి తళతళ మెరుస్తోంది.

సరిగ్గా అప్పుడే ఫోను మోగింది. మెషీన్ ఎత్తింది. అది చెప్పాల్సిందంతా చెప్పాక, అవతల్నుంచి ఎవరో ముసలాయన గొంతు గదంతా వినిపించింది. "అమ్మా, మీరు లేరా? రైలు టైమైపోతోందమ్మా. ఈయనెవరో ఒకటి నొక్కు, రెండు నొక్కు అంటాడు. నాకు కళ్లు సరిగా ఆనవు. మీరు లేరా అమ్మా?"

ఆవిడ చేయి లేచింది. గాల్లో ఆగింది.

"నేనేం విన్లేదురా. తియ్యి దాన్ని" అన్నారు.

వాడు వైరు పీకాడు. ఆవిడ కుర్చీలో కూర్చుని ఫోనెత్తారు. "ఉన్నాను నాన్నా, ఉన్నాను. వెనక గంట వినిపిస్తోంది, బడి దగ్గరేగా మీరు? కదలకండి, బండి వచ్చేస్తుంది."

ముసలాయన రైలందుకున్నాడు. అందరూ సంతోషించారు. కథ సుఖాంతం!

ఆ సాయంత్రం నేను ఒక్కణ్ణే కిందకి వెళ్లాను. వీధిలో సందడి తగ్గింది. అత్తగారు బల్ల సర్దుకుంటున్నారు. గొంతు తగ్గించి, "అత్తయ్యగారూ, నిన్న మీరు నిజంగా ఏమీ విన్లేదా?" అని అడిగాను.

"మీరు విన్నారా?" అన్నారు, తల ఎత్తకుండానే.

విన్నానని తల ఊపాను.

"నిన్న నేనడిగినప్పుడు పేపరు చూశారుగా బాబూ." అందులో కోపం లేదు. కోపమైనా ఉంటే బాగుండేది. "నేనూ ఇవాళ చూశాను. దాంట్లో లేదు." అంతలో ఫోను మోగింది. ఆవిడ అటు తిరిగి, "చెప్పండి నాన్నా, ఎక్కడికెళ్లాలి?" అన్నారు.

అయ్యా, గగన వ్యవహారాల శాఖవారూ! మీ భక్తుడిగా ఒక చిన్న మనవి. ఆ శుక్రవారం మోతకి కూడా ఏదో ఒక వివరణ వేయించండి. పిడుగనండి. బెలూనన్నా పర్వాలేదు. పోనీ, ఆకాశంలో పీతలు గీతలు గీశాయనండి, నమ్మేస్తాను! ఎంత పెద్ద అబద్ధమైనా నాకు అభ్యంతరం లేదు. అది జరిగిందని మాత్రం ఒప్పుకోండి చాలు. ఎందుకంటే, ఈ ఊళ్లో విన్నదాన్ని విన్నాననీ, విననిదాన్ని విన్లేదనీ చెప్పే మనిషి ఒక్కరే మిగిలి ఉండేవారు. ఒక్క వారంలో మీరు, మేము కలిసి ఆవిడకి కూడా నయం చేసేశాం.

మా కిటికీ అద్దం ఇంకా మార్చలేదు. మార్చాలంటే ముందు పగిలిందని ఎవరో ఒకరు అనాలి కదా! ఆ పగలని అద్దంలోంచి చలిగాలి నేరుగా ఫోను కుర్చీమీదకి కొట్టేది. నిన్న చూస్తే, అత్తగారు మంగళవారం పేపర్నీ, శనివారం పేపర్నీ కలిపి సన్నగా మడిచి ఆ పగులులో పైనుంచి కిందిదాకా కుక్కారు. దగ్గరికెళ్లి చేయి పెట్టి చూశాను. పిసరంత గాలి కూడా రావడం లేదు.

అందుకే మొదట్లోనే చెప్పాను. ప్రతి ఇంటికీ ఒక వివరణ ఉండాలి.